హెవీ మెటల్ మొదలుపెట్టింది ఎవరు? క్లాసు అయ్యాక రోజూ నడిచే పంచాయితీ

సాయంత్రం గిటార్ క్లాసు అయిపోయాక మా కుర్రాళ్లు వెంటనే ఇంటికి పోరు. కేబుళ్లు చుట్టుకుంటూ, పెడల్స్ బ్యాగుల్లో సర్దుకుంటూ మొదలుపెడతారు: హెవీ మెటల్ అనే ఈ బరువైన రాక్ సంగీతాన్ని మొదట వాయించిన బ్యాండు ఏదని. ఒకడు లెడ్ జెప్లిన్ అంటాడు, ఇంకొకడు బ్లాక్ సబ్బాత్ అంటాడు, రాత్రంతా యూట్యూబ్ చూసొచ్చినవాడు ‘మీకేం తెలీదురా, బీటిల్స్’ అంటాడు. చివరికి అందరూ నా వైపు తిరుగుతారు. పదిహేనేళ్లుగా మెటల్ గిటార్ వాయిస్తూ, నేర్పుతూ బతుకుతున్నాను కాబట్టి తీర్పు నేనే చెప్పాలట.

ఈ గొడవలో సగం రికార్డులు వినకుండా, వాటి గురించి ఎవరో చెప్పిన కథలు నమ్మడం వల్ల వచ్చిందే. కథలు బాగుంటాయి, కాదనను. కానీ గిటార్ చేతిలోకి తీసుకుంటే చాలావాటికి అక్కడికక్కడే సమాధానం దొరుకుతుంది.

అపోహ: టోనీ అయోమీ వేళ్లు తెగాయి, అందుకే తీగలు వదులు చేశాడు, అలా మెటల్ పుట్టింది

అయోమీ అంటే బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు. ప్రమాదం నిజం. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ నగరంలోని ఆస్టన్ అనే కార్మికుల పేట. అయోమీకి అప్పుడు 17 ఏళ్లు, రేకులు కోసే ఫ్యాక్టరీలో పని. బ్యాండుతో టూర్ ఖాయమవడంతో ఉద్యోగం మానేశాడు, ఆ రోజే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ‘ఇక వెళ్లను’ అన్నాడు. మొదలుపెట్టిన పని పూర్తి చేసి రమ్మని తల్లి పంపింది. అలవాటులేని మెషిన్ మీద నిలబెట్టారు. ప్రెస్ వచ్చి చేతి మీద పడింది. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు పోయాయి. అతనిది ఎడమచేతి వాటం, అంటే తీగల మీద నొక్కే చెయ్యే అది.

కుంగిపోయి కూర్చున్నవాడికి ఫ్యాక్టరీ మేనేజర్ జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. మంటల్లో కాలి రెండు వేళ్లు పనిచేయకుండా పోయినా, మిగతా వేళ్లతోనే జాజ్ గిటార్‌ను ఏలినవాడు జాంగో. అయోమీ గిన్నెలు తోమే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తీగ జారిపోకుండా పాత జాకెట్ తోలు ముక్కలు అంటించాడు. మందపాటి తీగలు నొక్కితే నొప్పి, సన్న తీగల సెట్లు అప్పట్లో సులువుగా దొరకవు. బాంజో తీగలు బిగించుకున్నాడు.

ఇంతవరకు అంతా సరే. కానీ శ్రుతి దించడానికీ మెటల్ పుట్టడానికీ మధ్య ముడి వేయడం దగ్గరే లెక్క తప్పుతోంది. బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న, రెండోది ‘పారనాయిడ్’ అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చాయి. రెండూ మామూలు శ్రుతిలోనే ఉన్నాయి. నమ్మకపోతే ఫోన్ ట్యూనర్‌తో మీ గిటార్ మామూలుగా శ్రుతి చేసుకుని రికార్డుతో పాటు వాయించి చూడండి. మూడు స్వరస్థానాలు కిందికి దించడం 1971లో మూడో ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’తో మొదలైంది. దించితే వేళ్లకు సుఖం, అదొక కారణమే. కాకపోతే అప్పటికే ప్రపంచం ఆ బరువు రెండుసార్లు విని ఉంది.

ఈ కథ నమ్మి నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. కాలేజీ ఫెస్టులో స్టేజీ ఎక్కబోయే ముందు, ఉన్న సన్న తీగలనే మూడు మెట్లు దించేశాను. నులకమంచం తాళ్లలా వేలాడాయి. ప్రతి ఫ్రెట్ మీదా జుయ్యిమని చప్పుడు, ఒక్క స్వరమూ నిలబడలేదు. కింద ఉన్నవాళ్లు అదేదో కొత్త రకం మెటల్ అనుకుని చప్పట్లు కొట్టారు. శ్రుతి దించితే మందపాటి తీగలు వేయాలి. సన్న తీగలతో, దించిన శ్రుతితో వాయించడం అయోమీ చేతికి అబ్బిన విద్య, మనందరికీ చెల్లదు.

మరి ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చింది? పవర్ కార్డ్ నుంచి. అందులో షడ్జమం, పంచమం, పైన కావాలంటే ఇంకో షడ్జమం. గాంధారం ఉండదు. అచ్చం మన తంబురా శ్రుతే! ఆంప్‌లో (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలో) డిస్టార్షన్, అంటే శబ్దాన్ని చిరిగినట్టు గరగరలాడించడం, పెంచినప్పుడు, వాయించిన రెండు స్వరాల తేడాకు సమానమైన మూడో స్వరం కూడా పుడుతుంది. గిటార్ లావు తీగ సెకనుకు దాదాపు 82 సార్లు కంపిస్తుంది, దాని పంచమం 123 సార్లు. తేడా 41. అది సరిగ్గా కింది స్థాయి షడ్జమం. అంటే ఎవరూ మీటని మంద్రస్వరం ఒకటి స్పీకర్‌లోంచి వస్తోంది. అదే డిస్టార్షన్ మీద గాంధారం కూడా కలిపి చూడండి, మురికి నీళ్లలా కలగాపులగం అయిపోతుంది. క్లాసులో మొదటిసారి దీన్ని చేసి చూపించినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

అపోహ: ఆ స్వరాన్ని చర్చి నిషేధించింది, సబ్బాత్ దాన్ని బయటికి తీసింది

‘దయ్యపు స్వరం’ కథ తెలియని మెటల్ అభిమాని ఉండడు. మధ్యయుగాల్లో ట్రైటోన్, అంటే మూడు పూర్తి మెట్ల దూరంలో ఉన్న రెండు స్వరాల జంట, వాయిస్తే చర్చి శిక్షించేదట. అలా నిషేధించినట్టు ఒక్క ఆధారమూ లేదు. ‘సంగీతంలో దయ్యం’ అనే లాటిన్ మాట సంగీతశాస్త్ర పుస్తకాల్లో కనిపించేది 18వ శతాబ్దం మొదట్లో. అదీ శిక్షాస్మృతి కాదు, పిల్లలకు చెప్పే జాగ్రత్త. గొంతుతో పట్టుకోవడం కష్టం, వినడానికి కటువు, కాబట్టి కలిపి రాసేటప్పుడు తప్పించుకోండి అని.

అసలు మనవాళ్లకు ఈ కథ చెబితే నవ్వొస్తుంది. షడ్జమం నుంచి ట్రైటోన్ దూరంలో ఉన్నది మన ప్రతి మధ్యమమే. 72 మేళకర్తల్లో సరిగ్గా సగం, 37 నుంచి 72 దాకా, ప్రతి మధ్యమ రాగాలే. 65వది కల్యాణి. త్యాగయ్య ‘నిధి చాల సుఖమా’ అని రాముడి సన్నిధిలో కూర్చుని పాడింది ఈ ‘దయ్యపు స్వరం’ ఉన్న రాగంలోనే. నేను చిన్నప్పుడు నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. కల్యాణి వాయించేటప్పుడు ఎవరికీ వణుకు పుట్టలేదు, నా అపస్వరాలకు తప్ప.

మరి సబ్బాత్ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట, బ్యాండు పేరే పెట్టుకున్న ఆ పాట, ఎందుకు వణికిస్తుంది? గిటార్ తీసుకోండి. షడ్జమం, దాని మీద పై షడ్జమం, అక్కడి నుంచి ప్రతి మధ్యమానికి దిగడం. ఈ మూడే. కల్యాణిలో ప్రతి మధ్యమం పక్కనే పంచమం చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, ఇంటికి చేరినట్టుంటుంది. ఇక్కడ బాణీ పంచమానికి చేరదు. ఆ మెట్టు మీదే వేలాడుతుంది, అదీ నత్తనడకన. భయం స్వరంలో లేదు, దాన్ని అక్కడే వదిలేయడంలో ఉంది. వాన చప్పుడు, చర్చి గంట తర్వాత కలిపినవి. బాసిస్టు గీజర్ బట్లర్ ఆ రోజుల్లో హోల్‌స్ట్ అనే ఇంగ్లీషు స్వరకర్త రాసిన ‘మార్స్’ వాయిస్తూ ఉండేవాడు, అందులోనూ ఈ స్వరం దర్జాగా కూర్చుని ఉంటుంది. 1967లో జిమీ హెండ్రిక్స్ ‘పర్పుల్ హేజ్’ మొదలయ్యేదీ ఈ దూరంతోనే. బయటికి తీయడానికి అది ఎక్కడా దాక్కోలేదు.

అపోహ: బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల వల్లే ‘హెవీ మెటల్’ అనే పేరు వచ్చింది

ఇది వినడానికి ఎంత బాగుంటుందో! ఇనుము, కొలిమి, సమ్మెట. కానీ పేరు అమెరికాలో పుట్టింది. 1960ల మొదట్లో విలియం బరోస్ నవలల్లో ‘హెవీ మెటల్ కిడ్’ అని ఒక పాత్ర ఉంది, దానికీ సంగీతానికీ సంబంధం లేదు. 1968లో స్టెపెన్‌వుల్ఫ్ బ్యాండు పాట ‘బార్న్ టు బి వైల్డ్’లో ఆ రెండు మాటలూ వస్తాయి, అది మోటార్‌సైకిల్ చేసే ఉరుము. అదే ఏడాది మే నెలలో రోలింగ్ స్టోన్ పత్రికలో బ్యారీ గిఫర్డ్ అనే రచయిత ఎలక్ట్రిక్ ఫ్లాగ్ అనే బ్యాండు ఆల్బమ్ సమీక్షలో ‘హెవీ మెటల్ రాక్’ అన్నాడు. ఆ ఆల్బమ్ ఇప్పుడు వింటే మీకు మెటల్ కనబడదు, ట్రంపెట్లు, శాక్సఫోన్లు వినబడతాయి.

ఆ పేరును లెస్టర్ బ్యాంగ్స్ అనే రాక్ విమర్శకుడు కనిపెట్టాడనే మాట కూడా పాకిపోయింది. బ్యాంగ్స్ దాన్ని బాగా వాడాడు, నిజమే. అతనికంటే ముందు మైక్ సాండర్స్ అనే ఇంకో విమర్శకుడు వాడాడు. 1970 నవంబర్‌లో హంబుల్ పై బ్యాండును తిడుతూ ఒకసారి, 1971 మేలో క్రీమ్ పత్రికలో సర్ లార్డ్ బాల్టిమోర్ అనే బ్యాండును మెచ్చుకుంటూ ఇంకోసారి. తిట్టుగా తిరిగిన మాట ఆర్నెల్లలో మెప్పు అయింది.

అపోహ: ‘హెల్టర్ స్కెల్టర్’ మొదటి మెటల్ పాట

ఇది బీటిల్స్ పాట, 1968 నవంబర్‌ది. గోల ఉంది, ఒప్పుకుంటాను. గోలే లెక్కయితే అదే ఏడాది జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో బ్యాండు బ్లూ చీర్ మొదటి ఆల్బమ్ వచ్చేసింది. చిరిగిన శబ్దమే లెక్కయితే 1964లో కింక్స్ గిటారిస్టు డేవ్ డేవిస్ చిన్న ఆంప్ స్పీకర్‌ను బ్లేడుతో కోశాడు. ఇంకా వెనక్కి, 1958లో లింక్ రే ‘రంబుల్’ కోసం స్పీకర్‌కు పెన్సిల్‌తో పొడిచి చిల్లులు పెట్టాడు. ఇలా తవ్వుకుంటూ పోతే ఎక్కడా ఆగం.

అపోహ: జెప్లిన్, డీప్ పర్పుల్, సబ్బాత్, ముగ్గురూ సమానంగా మెటల్‌కు తండ్రులు

నేను తలవంచుకుని ఒప్పుకోని మాట ఇదే. జెప్లిన్ మొదటి ఆల్బమ్ 1969 జనవరిలో, అంటే సబ్బాత్‌కు ఏడాది ముందు వచ్చింది. వాళ్ల గాయకుడు రాబర్ట్ ప్లాంట్, డ్రమ్మరు జాన్ బోనమ్ కూడా బర్మింగ్‌హామ్ చుట్టుపక్కలవాళ్లే. అయినా ఆ రికార్డు కింద బ్లూస్ (అమెరికాలో నల్లజాతివాళ్ల పాత పాటల బాణీ) పునాది ఉంది. రెండో ఆల్బమ్‌లోని ‘హోల్ లాటా లవ్’ విషయంలో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ కేసు వేసి, చివరికి రాజీ కుదిరి, పేరు కూడా వేయించుకున్నాడు. పర్పుల్ ‘ఇన్ రాక్’ 1970 జూన్‌లో వచ్చింది. వేగం, ఆర్గాన్, అరుపు, అన్నీ మెటల్ తర్వాత వాడుకుంది.

నా కొలత ఒక్కటే: పాటలోంచి గాయకుణ్ని తీసేయండి. జెప్లిన్‌లో ఖాళీ కనబడుతుంది. సబ్బాత్‌లో ‘ఐరన్ మ్యాన్’ తీసుకుంటే, గొంతు లేకపోయినా పాట నిలబడే ఉంటుంది. గాయకుడు ఓజీ ఆజ్‌బర్న్ అక్కడ గిటార్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ బాణీ) వెంటే నడుస్తాడు, స్వరానికి స్వరం. రిఫ్ పాటకు అలంకారం కాదు, పాటే అది. ఆ నిర్ణయం అంతకుముందు రికార్డుల్లో తునకలుగా ఉంది, ఆల్బమ్ పొడుగునా నిలబెట్టింది సబ్బాత్. ఆ మొదటి ఆల్బమ్ 1969 అక్టోబర్ 16న లండన్‌లో ఒక్క రోజులో రికార్డు చేసేశారు. ఆ తేదీ దగ్గరే నేను గీత గీస్తాను.

ఇంకో మాట. ‘మాది మెటల్’ అని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పింది వీళ్లెవరూ కాదు, పక్కనే వెస్ట్ బ్రామిచ్ నుంచి వచ్చిన జూడాస్ ప్రీస్ట్. తోలు బట్టలు, జంట గిటార్లు, బ్లూస్ వాసన దాదాపు కడిగేసిన రిఫ్‌లు వాళ్ల చలవే. 1980లో ‘బ్రిటిష్ స్టీల్’ రికార్డింగ్‌లో లోహపు అడుగుల చప్పుడు కావాలంటే చెంచాలు, ఫోర్కులు ఉన్న ట్రే ఊపారు. ఆ రికార్డింగ్ జరిగింది రింగో స్టార్ ఇంట్లో. బీటిల్స్ అభిమానులకు ఆ మాత్రం మార్కులు ఇవ్వొచ్చు.

అపోహ: మెటల్ అంటే సైతాను పూజ, ఆ కొమ్ముల గుర్తే సాక్ష్యం

ఇంట్లో పెద్దవాళ్లు నన్ను అడిగేది ఇదొక్కటే. సబ్బాత్ మాటలు ఎక్కువగా రాసింది గీజర్ బట్లర్, కాథలిక్ కుటుంబంలో పెరిగినవాడు. ‘వార్ పిగ్స్’ యుద్ధం చేయించే పెద్దమనుషుల మీద తిట్టు. ‘ఆఫ్టర్ ఫరెవర్’ దేవుణ్ని నమ్మమని చెప్పే పాట. మొదటి ఆల్బమ్ అట్ట లోపలి తలకిందుల శిలువ కంపెనీవాళ్లు వేసింది, బ్యాండుకు తెలియదు.

చూపుడువేలు, చిటికెనవేలు ఎత్తే గుర్తును జనంలోకి తెచ్చినవాడు 1979లో సబ్బాత్‌లోకి వచ్చిన రానీ జేమ్స్ డియో. అది తన ఇటాలియన్ బామ్మ దగ్గర నేర్చుకున్నానని చెప్పేవాడు. చెడు చూపు తగలకుండా చేసే సైగ. మా నాయనమ్మ నా ముఖం చుట్టూ చేతులు తిప్పి కణతల దగ్గర మెటికలు విరిచేది. పని అదే, వేళ్లే వేరు.

డియోనే కనిపెట్టాడా అంటే, అదీ కాదు. షికాగోలో కోవెన్ అనే బ్యాండు 1969 ఆల్బమ్ అట్ట మీదే ఆ గుర్తు ఉంది. అక్కడితో ఆగదు. ఆ ఆల్బమ్‌లో మొదటి పాట పేరు ‘బ్లాక్ సబ్బాత్’. వాళ్ల బాసిస్టు పేరు ఆజ్ ఆజ్‌బర్న్. ఓజీతో ఏ సంబంధమూ లేదు, ఉత్త కాకతాళీయం. మొన్న ఇది చెబితే మా యూట్యూబ్ కుర్రాడు నమ్మలేదు, ఫోన్ తీసి వెతికాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అప్పటికే బ్యాగులో సర్దేసిన గిటార్ మళ్లీ బయటికి తీశాడు.