ఊచకు గుచ్చిన చీటీలు

చిన్నీ, చింటూ,

మొన్న ఆదివారం స్క్రీన్ నల్లబడగానే ఇద్దరూ బిక్కమొహం వేశారు. కాసేపటికి అది వెలిగితే, "ఇది నిన్నటి కంప్యూటర్" అన్నాను. చిన్ని, "నిన్నటి కంప్యూటర్ని ఎక్కణ్ణుంచి తెచ్చావు తాతయ్యా?" అంది. ఇంతలో నానమ్మ అన్నానికి పిలిచింది. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

నా చిన్నప్పుడు నెల మొదట్లో అమ్మ చెబుతుంటే సరుకుల చీటీ నేనే రాసేవాణ్ణి. కందిపప్పు 2 కిలోలు, చింతపండు కిలో, ఇంగువ ఒక డబ్బీ. నాన్నతో బేగంబజార్ వెళ్లి షావుకారు చేతిలో పెడితే చాలు. ఏ బస్తా ఎక్కడుందో, ముందు ఏది తూచాలో ఆయనే చూసుకునేవాడు. ఆ దుకాణంలో ఇంగువ, ఎండుమిర్చి కలిసిన వాసన కోసమే నాన్న వెంటపడేవాణ్ణి. ఇప్పటికీ ఆ సందుల్లోకి వెళితే కాళ్లు ఆగిపోతాయి.

చీటీని అమ్మ పారేసేది కాదు. వంటింటి గోడకున్న ఇనప ఊచకు గుచ్చేది.

నా కంప్యూటర్‌ని నడిపేది విండోస్ కాదు, లినక్స్ అనే మరో రకం ఆపరేటింగ్ సిస్టమ్. అందులో నాది నిక్స్ఓఎస్. 2003లో నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ యూనివర్సిటీలో ఏల్కో డోల్‌స్ట్రా మొదలుపెట్టిన నిక్స్ మీద, అంటే ప్రోగ్రాములను తెచ్చి అమర్చే సాధనం మీద ఇది నడుస్తుంది. దీనికీ ఒక చీటీ ఉంది, 'కాన్ఫిగరేషన్ డాట్ నిక్స్' అనే ఫైలు. ఫైర్‌ఫాక్స్ ఉండాలి, తెలుగు ఫాంట్లు ఉండాలి, ప్రింటర్ పనిచేయాలి అని అందులో రాస్తాను. ఎలా పెట్టాలో రాయను, అది షావుకారు పని. మన హైదరాబాద్ గడియారానికి కూడా 'ఏషియా, కోల్‌కతా' అనే రాయాలి!

చీటీ మార్చి ఒక కమాండ్ ఇస్తే సిస్టమ్ అంతా కొత్తగా అమరుతుంది. పాత అమరిక మాత్రం చెరిగిపోదు, ఊచ మీదే ఉంటుంది. అమ్మ ఊచకు చీటీలే ఉండేవి, ఇక్కడ ఆ నెల సరుకులూ దాచే ఉంటాయి. ఒక్కో వెర్షన్‌కు వేరే డబ్బా, డబ్బా మీద 32 అక్షరాల గుర్తు. అందుకే పాతదీ కొత్తదీ కలగలిసిపోవు. మొన్న నేను మార్చిన గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే స్క్రీన్ మీద బొమ్మ చూపించే ప్రోగ్రాము, కుదరక స్క్రీన్ నల్లబడింది. అందుకే ముందు చీటీ తీశాను.

ఇదివరకు ఒకసారి డిస్క్ పోతే, ప్రింటర్ని ఎలా కుదిర్చానో గుర్తురాక రెండు సాయంత్రాలు టెన్షన్ పడ్డాను. కష్టపడి కుదుర్చుకున్నదాన్ని ఆ రోజే రాసిపెట్టుకోండి. గుర్తుంటుందిలే అనుకున్నదే ముందు మరిచిపోతాం.

చిన్నీ, నీ బొమ్మలు ఈ చీటీలో లేవు. అందుకే సిస్టమ్ వెనక్కి వెళ్లినా అవి అలాగే ఉన్నాయి. కానీ డిస్కే పాడైతే చీటీ వాటిని తేలేదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకో.

వచ్చే ఆదివారం వచ్చినప్పుడు కంప్యూటర్ మీరే ఆన్ చేయండి. మొదట కనిపించే మెనూలో కింది బాణం నొక్కుతూ వెళ్లండి, తేదీలు వరసగా ఉంటాయి. దసరా ముందు నాటి కంప్యూటర్ ఉందేమో వెతకండి. దొరికితే ఎంటర్ నొక్కండి, ఏమీ కాదు.

మీ తాతయ్య