పిల్లలంతా కలిసి వేసే శాంతి బొమ్మ: అపోహలు, వాస్తవాలు

పిల్లలతో పెద్ద పెద్ద కాన్వాసుల మీద బొమ్మలు వేయించడం నా పని. శాంతి, సామరస్యం, మనమంతా ఒక్కటే లాంటి విషయాలు ఇచ్చి చేయించమని అడిగేవాళ్లే ఎక్కువ. వాళ్లు నమ్మే మాటల్లో కొన్నిటిని నేనూ ఒకప్పుడు నమ్మాను.

అపోహ: ఒకే కాన్వాసు చుట్టూ కూర్చోబెడితే చాలు, పిల్లలు వాళ్లే కలిసిపోతారు.

కలవరు. ఒకసారి ముప్పై మందికి తలా ఒక గడి గీసి ఇచ్చాను. గొడవ లేదు, టెన్షన్ లేదు, రెండు గంటల్లో అయిపోయింది. తీరా చూస్తే పక్కపక్కన ముప్పై వేర్వేరు బొమ్మలు! ఇంకోసారి చెయ్యి తిరిగిన ఇద్దరు గీతలు గీశారు, మిగతావాళ్లు రంగులు నింపారు. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం అందులో ఇద్దరు మేస్త్రీలు, ఇరవై మంది కూలీలు కనిపించారు.

గార్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త ఈ సంగతి 1954లోనే రాశాడు. వేర్వేరు గుంపులవాళ్లు ఒకచోట చేరినంత మాత్రాన దురభిప్రాయాలు పోవు. అక్కడ ఇద్దరిదీ సమాన స్థాయి కావాలి, గురి ఒకటే ఉండాలి, ఒకరి సాయం లేనిదే ఇంకొకరి పని సాగకూడదు, పైవాళ్ల మద్దతూ ఉండాలి. నా మొదటి ప్రయత్నంలో సాయం అవసరమే పడలేదు, రెండోదాంట్లో సమానత్వం లేదు.

ఇప్పుడూ గడులే ఇస్తున్నాను, ఒక షరతుతో. ప్రతి గడిలోంచి కనీసం ఒక గీత పక్క గడిలోకి వెళ్లాలి. ఎక్కడ దాటాలో, ఏ రంగులో దాటాలో ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. "నీ నది మా ఇంట్లోకి ఎందుకొస్తోంది?" అని పోట్లాట మొదలవుతుంది. నేను వెంటనే కలగజేసుకోను, ఎందుకంటే దానికోసమే ఆ షరతు పెట్టాను. నది దారి మళ్లుతుంది, లేదంటే ఇంటికి ఒక వంతెన వస్తుంది. కాన్వాసును గోడకు కట్టకుండా నేల మీద పరుస్తాను. నాలుగు వైపులా పిల్లలుంటే ఎవరిది పైన, ఎవరిది కింద అనే పేచీ రాదు. వెడల్పు మాత్రం నాలుగడుగులు దాటనివ్వను. దాటితే మధ్యకు చెయ్యి అందక, తడి రంగులో మోకాళ్లు పెట్టేస్తారు.

అపోహ: శాంతి బొమ్మంటే పావురం, భూగోళం, చేతులు పట్టుకున్న పిల్లలు.

మనకేం నచ్చుతుందో పిల్లలకు బాగా తెలుసు కాబట్టి అవే వేసిపెడతారు. 1995లో జపాన్‌లో మొదలైన 'కిడ్స్ గెర్నికా' అనే పిల్లల చిత్రకళా ప్రాజెక్టులో పిల్లలు దాదాపు 3.5 మీటర్ల ఎత్తు, 7.8 మీటర్ల వెడల్పు కాన్వాసు మీద శాంతి చిత్రాలు వేస్తారు. అది పికాసో 'గెర్నికా' కొలత. ఆయన 1937లో వేసిన ఆ చిత్రంలో ఉన్నది బాంబుదాడిలో నలిగిపోయిన మనుషులు, జంతువులు. అందుకే ఎవరైనా కూలిన ఇల్లో, ట్యాంకో వేస్తుంటే "అలాంటివి వద్దు నాన్నా" అని చెరిపించకండి. అందులో ఎవరెవరు ఉండేవాళ్లో అడగండి.

అపోహ: వైవిధ్యం చూపాలంటే తలా ఒక దేశం వేషం వేయాలి.

వేషాల దాకా ఎందుకు, ముఖానికి వేసే రంగు చూడండి. పిల్లలు 'స్కిన్ కలర్' అని అడిగేది చాలాసార్లు లేత గులాబీ క్రేయాన్‌నే. క్రేయోలా కంపెనీ 'ఫ్లెష్' అనే తన రంగు పేరును 1962లోనే 'పీచ్'గా మార్చింది, కానీ ఆ అలవాటు ఇంకా పోలేదు. నేను ఎరుపు, పసుపు, నీలం, తెలుపు ఇచ్చి ఎవరి రంగు వాళ్లను కలుపుకోమంటాను. మణికట్టు పక్కన చుక్క పెట్టి సరిచూసుకుంటారు. ఒకే గిన్నెలోంచి అన్ని రంగులూ పుట్టడం వాళ్లకు పెద్ద వింత.

అపోహ: మూడేళ్ల పిల్లలూ కలిసి వేయగలరు.

ఆ వయసులో ఎక్కువమంది పక్కపక్కనే ఉంటూ ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. వేయనివ్వండి, కలిసి ప్లాన్ చేయమని మాత్రం అడగకండి.

అపోహ: చివర్లో పెద్దవాళ్లు కాస్త సరిదిద్దితే తప్పులేదు.

తప్పే. బొమ్మంతా బురద రంగు అవుతుందన్నదే మీ భయమైతే దానికి వేరే మందు ఉంది. మొదటి రోజు ఎరుపు, పసుపు, నారింజ మాత్రమే ఇవ్వండి. ఆరాక రెండో రోజు నీలం, ఆకుపచ్చ ఇవ్వండి. బురద చాలావరకు తగ్గుతుంది.

బొమ్మ కింద రాసే మాటలు కూడా పిల్లల్నే అడగండి. ఒకసారి నేను అడక్కుండా 'శాంతి కపోతం' అని రాసేశాను. వేసిన పాప వచ్చి చూసి, "అది మా చెల్లి కాలి చెప్పు," అంది. కాగితం మార్చాను.