కోన్ కాలు అడ్డం పెట్టదు: పిల్లల ఫుట్‌బాల్‌లో బాల్ కంట్రోల్, అపోహలు - వాస్తవాలు

పిల్లల్ని ప్రాక్టీసుకు తెచ్చి దింపే నాన్నలు నాతో తరచూ అనే మాట: "సార్, మావోడు ఇంటికాడ బాల్ బ్రహ్మాండంగా తిప్పుతాడు, మ్యాచ్‌లోనే ఏమైతాదో తెలీదు." ఏమవుతుందో కష్టపడి కనుక్కోవాల్సిన పనేమీ లేదు. ఇంటి దగ్గర బంతి లాక్కునేవాడు లేడు, మ్యాచ్‌లో ఉన్నాడు. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా గ్రౌండు గట్టు మీద నేను వినే అపోహల్లో చాలావరకు ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: జగ్లింగ్ వంద దాటితే కంట్రోల్ వచ్చేసినట్టే.

రీల్స్ తెచ్చిన జబ్బు ఇది. జగ్లింగ్ వల్ల, అంటే బంతి కింద పడకుండా కాలితో ఎగరేస్తూ ఉండటం వల్ల, పాదానికి బంతి అలవాటవుతుంది, కాదనను. వార్మప్‌లో నేనూ చేయిస్తాను. నేల మీద ప్లాస్టిక్ కోన్లు పెట్టి వాటి మధ్య బంతిని తోసుకుంటూ పోయే డ్రిబ్లింగ్ కూడా అంతవరకే. కోన్ కాలు అడ్డం పెట్టదు, భుజంతో తోయదు, ఏ పక్కనుంచి వస్తుందో దాచదు. కొత్త టర్న్ ఏదైనా ఒంటరిగా నేర్పండి. కాళ్లకు పట్టుబడగానే ఎదురుగా మనిషిని పెట్టండి. మొదట నడిచి వచ్చేవాణ్ణి, తర్వాత పరిగెత్తి వచ్చేవాణ్ణి, ఆపైన నిజంగానే లాక్కోవాలని వచ్చేవాణ్ణి.

అపోహ: కన్ను ఎప్పుడూ బంతి మీదే ఉండాలి.

మన ఊళ్లలో ఇది క్రికెట్ నుంచి వచ్చిన సలహా అని నా అనుమానం. బ్యాట్ పట్టుకున్నవాడికి బంతి వచ్చేది ముందునుంచే, వెనకనుంచి ఎవరూ మీద పడరు. ఫుట్‌బాల్‌లో పడతారు. నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్డెట్ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల వీడియోలు చూసి, బంతి అందకముందు వాళ్లు ఎన్నిసార్లు తల తిప్పి చుట్టూ చూస్తున్నారో లెక్కపెట్టాడు. ఎక్కువగా చూసినవాళ్ల పాస్‌లే ఎక్కువగా సరిగ్గా చేరాయి. ఆ లెక్కలో ముందు వరసలో ఉన్నవాడు ఫ్రాంక్ లాంపార్డ్.

మరి ఎప్పుడు చూడాలి? పాస్ ఇవ్వబోయేవాడు బంతి సర్దుకోవడానికి తల దించుతాడు. ఆ క్షణంలో పాస్ రాదు కాబట్టి అప్పుడే భుజం మీదుగా వెనక్కి ఒక చూపు. బంతి వాడి కాలు వదిలి దారిలో ఉండగా చటుక్కున ఇంకొకటి. ఆ తర్వాత కన్ను బంతి మీదికి వచ్చేయాలి, తాకేదాకా కదలకూడదు.

చిక్కేమిటంటే, "చూడు, చూడు" అని అరిస్తే పిల్లలు తల తిప్పుతారు గానీ చూడరు. అందుకే బంతి అందుకునేవాడి వెనక కుడి ఎడమల ఇద్దరిని నిలబెడతాను. పాస్ వచ్చేలోపు ఇద్దరిలో ఒకడు అడుగు ముందుకేస్తాడు. బంతి అందుకున్నవాడు రెండోవైపు తిరగాలి. "చూశాను సార్" అని అబద్ధం చెప్పే వీల్లేదు. చూడనివాడు నేరుగా పోయి వాడికే గుద్దుకుంటాడు, మిగతావాళ్లు పడీపడీ నవ్వుతారు.

అపోహ: బంతిని అరికాలి కింద తొక్కి ఆపితేనే మంచి ట్రాప్.

చుట్టూ ఖాళీ ఉంటే సరే. మనిషి మీదికొస్తుంటే ఆగిన బంతి సగం వాడిదే. ఫస్ట్ టచ్‌తోనే, అంటే కాలికి మొదటిసారి తగిలినప్పుడే, బంతి డిఫెండర్ లేనివైపు కదలాలి, మన తర్వాతి అడుగుకు అందేంత దూరమే పోవాలి.

పాదం ఎత్తు చూడండి. సైజు 5 బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. అంటే దాని నడుము నేలకు సుమారు 11 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పాదం లోపలి పక్క ఆ ఎత్తుకు రావాలి. తక్కువైతే బంతి ఎక్కి ఎగురుతుంది, ఎక్కువైతే కిందనుంచి దూరిపోతుంది. పాస్ గట్టిగా వస్తే, తగిలే క్షణంలో పాదం కాస్త వెనక్కి జరగాలి. కాలు బిగబట్టిన పిల్లల దగ్గర బంతి తగిలి చెంగున అవతలికి పోతుంది.

ఇక ఏ కాలు? యూట్యూబ్ చూసి వచ్చినవాళ్లు "ఎప్పుడూ వెనక కాలే" అంటారు. ఖాళీ ఉంటే నిజమే. పాస్ వచ్చే దిక్కుకు దూరంగా ఉన్న కాలితో తీసుకుంటే ఒళ్లు వాలుగా తిరిగి ముందున్న మైదానం కనిపిస్తుంది. కానీ డిఫెండర్ వీపుకు ఆనుకుని ఉన్నప్పుడు అలా చేస్తే బంతి వాడి కాళ్ల ముందు పెట్టినట్టే. అప్పుడు పక్కవాటుగా నిలబడి, వాడికి దూరంగా ఉన్న కాలితో అందుకోవాలి. ఈ రెంటిలో ఏది చేయాలో ఇందాక చెప్పిన ఆ వెనక చూపే తేలుస్తుంది.

అపోహ: సన్నగా, పొట్టిగా ఉన్న పిల్లలు నిలబడలేరు.

ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్లు దగ్గరపడితే ఈ బెంగ మొదలు. మెస్సీ ఎత్తు 170 సెంటీమీటర్లు, మోడ్రిచ్ 172. మోకాళ్లు వంచి నడుము దించితే పొట్టి పాపను కూడా కదిలించడం కష్టం. బంతికీ ఎదుటివాడికీ మధ్య ఒళ్లు అడ్డం పెట్టగానే గట్టు మీద "ఫౌల్, ఫౌల్" అంటారు. ఆట నిబంధనల్లో 12వది చదవండి: బంతి ఆడగలిగే దూరంలో ఉండి, చేతులతోనో ఒంటితోనో ఎదుటివాణ్ణి ఆపనంతవరకు మధ్యలో నిలబడటం తప్పు కాదు. చిన్నపిల్లల మ్యాచ్‌లలో కొందరు రెఫరీలు దీనికీ విజిల్ ఊదేస్తారు, అది వేరే బాధ.

అపోహ: ఎడమకాలు పుట్టుకతో రావాల్సిందే.

హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ బలహీనమైన కాలితోనే ఆడాలని టోర్నమెంట్లు పెట్టించారు. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. మా పిల్లలకూ చిన్న మ్యాచ్‌లో ఫస్ట్ టచ్ ఎడమకాలితోనే అని షరతు పెడతాను. కుడికాలు వాడితే బంతి అవతలి జట్టుకు.

అపోహ: బంతి ఏదైనా ఒకటే.

ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు సైజు 3, పన్నెండు దాకా 4, ఆపైన 5. అన్న పాత బంతి తమ్ముడికి ఇచ్చి కంట్రోల్ రాలేదంటే ఎలా? ఇంకోటి, గాలి. సైకిల్ షాపులో రాయిలా కొట్టించుకొస్తారు. సైజు 5కి అనుమతించిన ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ. మనది గట్టి నేల, గులకరాళ్లు కూడాను, కాబట్టి కింది అంచుకు దగ్గరగానే పెట్టండి. గేజి లేకపోతే రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కండి, కొద్దిగా లోపలికి పోవాలి.