‘భక్త ప్రహ్లాద’ తేదీ గొడవలో సురభి కమలాబాయి

విజయనగరం నాటకాభిమానుల మధ్య పాత పేచీ మళ్లీ రాజుకుంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వేడుక సెప్టెంబరు 15న జరపాలా, ఫిబ్రవరి 6న జరపాలా అన్నది పైకి కనిపించే గొడవ. అసలు చిక్కు ఆ సినిమా నాయిక సురభి కమలాబాయి దగ్గర వచ్చింది. సినిమా 1932దే అయితే, తెలుగు మాటలూ ఉన్న ‘కాళిదాస్’ 1931 అక్టోబరులోనే వచ్చేసిందిగా, ఇంకా ఈమె తెలుగు టాకీల తొలి కథానాయిక ఎలా అవుతుందని కొందరు అడుగుతున్నారు.

సెప్టెంబరు పక్షానికి అలవాటే బలం. దశాబ్దాల పాటు పుస్తకాల్లో, పత్రికల్లో 1931 సెప్టెంబరు 15 అనే రాశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత రికార్డులు తవ్వి తీశాక లెక్క మారింది. సినిమా సెన్సారయింది 1932 జనవరి 22న. బొంబాయి కృష్ణా థియేటర్లో విడుదలైంది ఫిబ్రవరి 6న. సెన్సారు కాని సినిమా నాలుగు నెలల ముందే ఎలా ఆడిందో సెప్టెంబరు పక్షం చెప్పాలి.

ఇక ‘కాళిదాస్’ సంగతి. అందులో తెలుగు ఉన్న మాట నిజమే కానీ, నాయిక టి.పి.రాజలక్ష్మి మాట్లాడింది తమిళం. మొత్తం తెలుగులో తీసిన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’, అందులో ప్రహ్లాదుడి తల్లి లీలావతిగా వేసింది కమలాబాయి.

ఆ వేషం ఆమెకే ఎందుకు దక్కిందన్నది ఎవరూ ఎత్తడం లేదు. నా దృష్టిలో అసలు మలుపు అదే. అప్పటికి ప్లేబ్యాక్ లేదు. కెమెరా ముందు నటిస్తూ, మైకుకు అందేలా ఆ క్షణానే పాడాలి. నాటక సమాజాల్లో ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే కట్టే కాలమది. 1892లో ‘కన్యాశుల్కం’ ఆడిన మన ఊరికి ఈ సంగతి కొత్తేం కాదు. సురభి కుటుంబాల్లో మాత్రం ఇంటి ఆడవాళ్లే స్టేజీ ఎక్కేవారు. పద్యం పాడి, మాట చెప్పి, జనాన్ని మెప్పించిన అనుభవంతో వచ్చింది కమలాబాయి.

‘పాదుకా పట్టాభిషేకం’, ‘శకుంతల’ల్లోనూ ఆమే నాయిక. ఆ తర్వాత బొంబాయిలోనే ఉండిపోయి హిందీ చిత్రాలు చేసింది. తిరిగొచ్చేసరికి మిగిలింది తల్లి వేషాలే. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లి ఈమే. మన సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల ఆ సినిమాకు కట్టిన పాటలు ఇక్కడ అందరికీ నోటికి వచ్చు. ఆ తల్లి ఎవరంటే చెప్పేవాళ్లు అరుదు. తేదీతో పాటు ఆమె పేరూ పోతుందని సెప్టెంబరు పక్షం కంగారు పడటం అందుకే కావచ్చు. ఫిబ్రవరి 6న వేడుక చేసి, పోస్టరు మీద దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి పక్కనే ఆమె ఫొటో కూడా వేస్తే ఆ కంగారు అక్కర్లేదు.