రక్షణ పొందాలంటే ఏం చెయ్యాలి? ఒక పాస్టర్ తరచూ వినే అపోహలు - వాస్తవాలు

బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లకి తరగతులు చెప్పడం నా పనిలో పెద్ద భాగం. మొదటి రోజు అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, రక్షణ, అంటే పాపం నుంచి విడుదలై దేవునితో నిత్యజీవం పొందడం, ఎలా వస్తుందో ఒక్క వాక్యంలో రాయమంటాను. మంచిగా బతకాలి, ప్రార్థన చెయ్యాలి, చర్చి మానకూడదు... ఇలాంటివే వస్తాయి. తప్పని కాదు గానీ, ఆ వాక్యాలన్నిటిలో కర్త 'నేనే'. దేవుడు కర్తగా ఉన్న వాక్యం ఎప్పుడో గానీ కనపడదు.

విచిత్రమేంటంటే, మామూలు తెలుగులో మనం పెద్దగా వాడని '-బడు' ప్రయోగం బైబిలు తెలుగులో అడుగడుగునా ఉంటుంది. 'రక్షింపబడియున్నారు', 'నీతిమంతులుగా తీర్చబడుట'. అంటే పని చేసేది ఇంకొకరు, మనం పొందేవాళ్లం. మాట వంటబట్టింది, అర్థమే జారిపోయింది. కింద చెప్పే అపోహల్లో చాలావాటికి మూలం అదే.

అపోహ: మంచి పనులు పాపాలకంటే ఎక్కువుంటే పరలోకం ఖాయం.

వాస్తవం: ఈ త్రాసు లెక్క క్రైస్తవ బోధలో లేదు. అందరూ పాపం చేశారంటాడు అపొస్తలుడైన పౌలు రోమా పత్రిక (రోమాలోని విశ్వాసులకు రాసిన ఉత్తరం) 3వ అధ్యాయంలో. రక్షణ కృపవల్ల (మనకు అర్హత లేకపోయినా దేవుడు చూపే దయవల్ల), విశ్వాసం ద్వారా కలిగే దేవుని వరమనీ, క్రియలవల్ల కాదు కాబట్టి ఎవరూ గొప్పలు చెప్పుకోవడానికి లేదనీ ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలో అంటాడు. మనిషి తన ప్రయత్నంతోనే పాపం లేకుండా బతకగలడన్న పెలాగియస్ బోధను సంఘం 418లో కార్తేజి సభలో తోసిపుచ్చింది. దేవుని వైపు తిరగడానికి వేసే మొదటి అడుగు కూడా కృపవల్లే అని 529లో ఆరెంజ్ సభ తేల్చింది. పదిహేను వందల ఏళ్ల కింద తీర్పు వచ్చిన కేసు ఇది. ఇప్పటికీ నా తరగతిలో ప్రతిసారీ అప్పీలుకి వస్తుంది.

అపోహ: క్యాథలిక్కులు క్రియలవల్ల రక్షణ అంటారు, ప్రొటెస్టెంట్లు విశ్వాసంవల్ల అంటారు.

వాస్తవం: నేను ప్రొటెస్టెంటుని. మావాళ్లు ఈ మాట ఎంత ధీమాగా అంటారో నాకు తెలుసు. కానీ ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ బోధకు జవాబుగా 1547లో క్యాథలిక్కుల ట్రెంట్ సభ నీతిమత్వం మీద ఇచ్చిన తీర్మానాల్లో మొదటిదే, క్రీస్తు కృప లేకుండా సొంత క్రియలతో మనిషి దేవుని ముందు నీతిమంతుడు కాగలడనే బోధను ఖండిస్తుంది. 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్ సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యతవల్ల కాదు, కృపవల్లే అన్నది అందులో రెండు పక్షాలూ ఒప్పుకున్న మాట. తర్వాత 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు కూడా దానితో కలిశాయి.

తేడా లేదని కాదు, ఉంది. నీతిమంతుడిగా తీర్చడమంటే న్యాయాధిపతిలా దేవుడిచ్చే తీర్పు అని ప్రొటెస్టెంట్లు నొక్కి చెప్తారు. తీర్పుతో ఆగదు, మనిషి లోపల నిజంగా మారతాడు, కృపతో కలిసి పనిచేస్తూ అందులో ఎదుగుతాడు అంటారు క్యాథలిక్కులు. ఆర్థడాక్స్ సంఘాలైతే కోర్టు భాషకంటే, దేవుని జీవంలో పాలు పొందడం అనే భాషలో రక్షణ గురించి మాట్లాడతాయి. అసలు చర్చ అక్కడుంది.

అపోహ: పౌలు, యాకోబు ఒకరినొకరు ఖండించుకున్నారు.

వాస్తవం: పైపైన చూస్తే అలాగే ఉంటుంది. 'విశ్వాసం మాత్రమే' అన్న మాట బైబిల్లో ఉన్నది ఒక్కచోటే, యాకోబు పత్రిక 2:24లో. అదీ 'మాత్రమే కాదు' అని! రోమా 3:28 జర్మన్ అనువాదంలో 'మాత్రమే' అనే మాట లూథర్ చేర్చాడు. యాకోబు పత్రిక మీద ఆయనకు చిన్నచూపు ఉండేది కూడా.

ఇద్దరూ అబ్రాహామునే సాక్ష్యానికి పిలవడం గమనించండి. పౌలు చూపేది ఆదికాండం 15: అబ్రాహాము నమ్మాడు, దేవుడు అది నీతిగా ఎంచాడు. యాకోబు చూపేది 22వ అధ్యాయం: ఇస్సాకును బలిపీఠం దగ్గరికి తీసుకెళ్లిన రోజు. ఈ రెంటికీ మధ్య ఏళ్లు గడిచాయి. విశ్వాసమనే చెట్టు ఎలా నాటుకుంది అన్నది ఒకరి ప్రశ్న, బతికే ఉందా అన్నది ఇంకొకరి ప్రశ్న. దేవుడొక్కడే అని దయ్యాలు కూడా నమ్ముతాయి అంటాడు యాకోబు. ఆయన కొట్టిపారేసేది ఆ రకం నమ్మకాన్ని.

ఫిలిప్పీ చెరసాల అధికారి కథలో (అపొస్తలుల కార్యములు 16) రెండూ ఒకే రాత్రి కనిపిస్తాయి. దెబ్బలు తిని తన చెరలో ఉన్న పౌలునూ సీలనూ 'రక్షణ పొందడానికి నేనేం చెయ్యాలి?' అనడిగాడు. ప్రభువైన యేసును నమ్ము అన్నారు. అంతే, వేరే షరతు లేదు. కానీ ఆ రాత్రే వాళ్ల గాయాలు కడిగాడు, బాప్తిస్మం తీసుకున్నాడు, ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టాడు. గాయాలు కడిగినందుకు రక్షణ రాలేదు. రక్షణ వచ్చాక ఆ గాయాలు చూస్తూ ఊరుకోలేకపోయాడు.

అపోహ: సభలో చెయ్యెత్తి, బోధకుడి వెనక ప్రార్థన పలికితే పని అయిపోయినట్టే.

వాస్తవం: అలాంటి స్థిరమైన ప్రార్థన బైబిల్లో ఎక్కడా లేదు. గత రెండు శతాబ్దాల ఉజ్జీవ సభల్లో బలపడిన పద్ధతి అది. నేనూ అలా ప్రార్థన చేయించాను, మానెయ్యమనను. కానీ నోటితో ఒప్పుకోవడం, హృదయంలో నమ్మడం రెండూ కలిపి చెప్తుంది రోమా 10:9. ఆ ప్రార్థనను రశీదులా దాచుకుని, మారుమనస్సు సంగతి మర్చిపోయినవాళ్లను చూస్తేనే నాకు టెన్షన్.

అపోహ: కానుకలు ఎక్కువిస్తే రక్షణకు దగ్గరవుతాం.

వాస్తవం: దేవుని వరాన్ని డబ్బుతో కొనబోయిన గారడీ సీమోనుకు పేతురు ఏం చెప్పాడో అపొస్తలుల కార్యములు 8లో చదవండి. చాలా ఘాటుగా ఉంటుంది.

అపోహ: ఒకసారి రక్షణ పొందితే ఎలా బతికినా పోదని సంఘాలన్నీ బోధిస్తాయి.

వాస్తవం: అన్నీ కాదు. దేవుడు ఎన్నుకున్నవారిని చివరిదాకా నిలబెడతాడని 1618-19లో రిఫార్మ్‌డ్ సంఘాల డార్ట్ సభ చెప్పింది. విశ్వాసి జారిపోగలడని మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ బోధించాడు, క్యాథలిక్కులూ అలాగే అంటారు. 'ఎలా బతికినా' అన్న ముక్క మాత్రం వీళ్లెవరి బోధా కాదు.

అపోహ: బాప్తిస్మం చివర్లో తీసుకుంటే పాపాలన్నీ ఒకేసారి పోతాయి, అంతదాకా తొందరేం లేదు.

వాస్తవం: సిలువ మీది దొంగకు బాప్తిస్మం లేదు, అయినా ఆరోజే నాతో పరదైసులో ఉంటావన్న యేసు మాట దక్కింది. కాబట్టి నీళ్లు లేనంత మాత్రాన దేవుడి చేతులు కట్టేసినట్టు కాదు. బాప్తిస్మం ద్వారానే కొత్త జన్మ అని బోధించే క్యాథలిక్ సంఘం కూడా, దాన్ని కోరుకుంటూ అందేలోపే చనిపోయినవారికి రక్షణ ఉందంటుంది. బాప్టిస్టులకు అది విధేయత, బహిరంగ సాక్ష్యం. ఇన్ని తేడాల మధ్య కూడా, అవకాశం ఉండీ కావాలని వాయిదా వెయ్యమని చెప్పే సంఘం నాకు తెలిసి లేదు. ఈ ఎత్తుగడ కొత్తదేం కాదు. కాన్‌స్టంటీన్ చక్రవర్తి 337లో మరణానికి కాస్త ముందే బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ శతాబ్దంలో చాలామంది అలాగే ఆగేవారు. ఆలస్యం చెయ్యొద్దని నాజియాన్జస్ గ్రెగరీ లాంటి బోధకులు ఆనాడే బతిమాలారు. మా తరగతిలో 'ఇంకో ఏడాది ఆగుతానండీ' అనేవాళ్లకి నేను చెప్పేదీ దాదాపు అదే.