కౌబెల్ దెబ్బ అంత స్పష్టంగా ఎందుకు వినిపిస్తుంది?

‘వార్’ అనే అమెరికన్ బ్యాండ్ 1975లో చేసిన ‘లో రైడర్’ పాటను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. అడుగున బేస్ గిటార్, పైన ఒకే వరసను కలిసి వాయించే హార్మోనికా, సాక్సోఫోన్, ఇంత సందడిలోనూ కౌబెల్ దెబ్బలు వేటికవి విడివిడిగా వినిపిస్తాయి. నాలుక లేని రేకు గంటను కర్రతో కొడుతున్నారు, అంతే!

గిటార్ తీగ మీటితే దాని అసలు ఫ్రీక్వెన్సీతో పాటు దాదాపు రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఉన్నవి కూడా పుడతాయి, అవన్నీ ఒకదానితో ఒకటి పొసుగుతాయి కాబట్టే మనకు ఒకే స్వరంలా వినిపిస్తుంది. వంచి అతికించిన రేకు అలా కంపించదు. దాని గోడలు రకరకాలుగా ఊగుతాయి, వచ్చే ఫ్రీక్వెన్సీలకు అలాంటి చక్కటి లెక్క ఉండదు, అందుకే అది పాడినట్టు కాకుండా ‘టక్’మన్నట్టు ఉంటుంది. పైగా ఆ శబ్దంలో చాలా బలం బేస్, కిక్ డ్రమ్ ఉండే చోటుకి బాగా పైన ఉంటుంది. మన చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య చాలా చురుగ్గా ఉంటుంది కాబట్టి అక్కడ చిన్న దెబ్బైనా తెలిసిపోతుంది. ఇంకో సంగతి, శబ్దం ఒక్కసారిగా మొదలై వెంటనే ఆగిపోతుంది. మోత ఇంకా తగ్గాలంటే డ్రమ్మర్లు గంటకు టేపు అంటిస్తారు. తాళం చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి!

క్యూబా వాళ్లకు ఇది ముందే తెలుసు. సోన్ అనే అక్కడి నాట్య సంగీతంలో పాట ఊపందుకోగానే బోంగో (చేతులతో వాయించే చిన్న జంట డ్రమ్ములు) వాయించేవాళ్లు బోంగోలు పక్కన పెట్టి గంట అందుకుంటారు. గంట మూతి దగ్గర కొడితే నిండుగా, మూసిన వైపు కొడితే సన్నగా, పొడిగా పలుకుతుంది, ఒక్క గంటతోనే రెండు పలుకులన్నమాట.

రాక్‌లో నాకు బాగా ఇష్టమైనది రోలింగ్ స్టోన్స్ 1969 నాటి ‘హాంకీ టాంక్ విమెన్’ మొదలు. నిర్మాత జిమ్మీ మిల్లర్ స్వయంగా కౌబెల్ కొడతాడు, దాని మీదికి చార్లీ వాట్స్ డ్రమ్స్ వచ్చి చేరతాయి, గిటార్ ఆ తర్వాతే.

1980లో రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లో ఈ శబ్దాన్ని కరెంటుతో పుట్టించింది. సుమారు 540, 800 హెర్ట్జ్ దగ్గర రెండు స్క్వేర్ వేవ్‌లను (పైకీ కిందికీ చటుక్కున మారే విద్యుత్ తరంగాలను) కలిపి, ఫిల్టర్ గుండా పంపి, చటుక్కున తగ్గిపోయేలా చేశారు. రెండింటి నిష్పత్తి 1.48, అంటే షడ్జమ పంచమాల 1.5కి కాస్త తక్కువ. నిజం గంటతో పోలిస్తే ఇది బాగా కృత్రిమంగానే ఉంటుంది, కానీ తర్వాత హిప్‌హాప్‌లో, డాన్స్ పాటల్లో దీన్నే వెతుక్కుని మరీ వాడారు.