మా ఇల్లు జాన్ కార్ కట్టిందేనా? అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పాత ఇళ్ల సర్వేలు, రిపేర్లు చూడటం నా పని. మా ఇల్లు జాన్ కార్ అనే పాతకాలపు ఆర్కిటెక్ట్ కట్టిందేనా అని నెలకి ఒక్కరైనా అడుగుతారు, చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి రాస్తున్నా.

అపోహ: జార్జియన్ (అంటే పద్దెనిమిదో శతాబ్దం తరహా) ఇల్లు, నడిమధ్యలో గుమ్మం, అటూ ఇటూ సమానంగా కిటికీలు ఉంటే అది కార్ డిజైనే.

వాస్తవం: కాదండీ బాబూ. 1723లో హార్బరీలో రాతిమేస్త్రీ ఇంట పుట్టి, అదే పని నేర్చుకుని, యార్క్‌లో స్థిరపడి 1807లో పోయేదాకా ఆయన కట్టినవి బోలెడు, ఆయన్ని చూసి మిగతా మేస్త్రీలు కట్టినవి అంతకంటే బోలెడు. అప్పటి డ్రాయింగో, లెక్కల పుస్తకమో, ఉత్తరమో లేకుండా బ్రోకర్ నోటిమాటకి పైసా ఎక్కువ ఇవ్వకండి.

పోయిన చలికాలం ఒక తెలుగు జంట రాత్రి పదింటికి ఫోన్ చేశారు, "అన్నా, కార్ ఇల్లని చెప్పి ఎక్కువకి అంటగట్టారు, ఇప్పుడేమో కాదంటున్నారు" అని. వెళ్లి అటకెక్కి టార్చ్ వేస్తే వాసాల మీద రంపం గీతలన్నీ ఒకే వంపులో, గిన్నె అంచుతో గీసినట్టు ఉన్నాయి. చేతిరంపానికి ఆ వంపు రాదు, అది గుండ్రటి మెషీన్ రంపం, అంటే ఆయన పోయాక చాలా ఏళ్లకి కోసిన చెక్క. కప్పు ఒక్కటే మార్చారేమో అని సెల్లార్‌లోకి దిగి చూశా, అక్కడి దూలాల మీదా అవే గీతలు. ఆ అమ్మాయి మొహం చూడలేకపోయా. కార్ పేరు తప్పైతే లిస్టింగ్, అంటే పాత కట్టడంగా ఇంటికున్న చట్టపరమైన రక్షణ, పోతుందా అని ఆవిడ భయం. దానంతటది పోదమ్మా, పర్మిషన్ లేకుండా పాత కిటికీలు పీకితే మాత్రం అది నేరం, కట్టింది ఎవరైనా సరే.

మిగతావి గబగబా. యార్క్‌షైర్‌లోని హేర్‌వుడ్ హౌస్ అనే పెద్ద భవంతి మొత్తం అప్పటి ఇంకో ఆర్కిటెక్ట్ రాబర్ట్ ఆడమ్‌దే అంటారు, 1759లో మొదలైన ఆ కట్టడం కార్‌ది, లోపలి సింగారం ఎక్కువగా ఆడమ్‌ది. కార్ ఉత్త మేస్త్రీ అంటారు, ఆ మేస్త్రీ యార్క్‌కి రెండుసార్లు, 1770లో, 1785లో, లార్డ్ మేయర్. యార్క్‌షైర్ దాటలేదంటారు, మరి డెర్బీషైర్‌లో అర్ధచంద్రాకారపు భవనం బక్స్‌టన్ క్రెసెంట్ ఎవరిది, పోర్చుగల్‌లో పోర్టో ఆసుపత్రి డిజైన్ ఎవరిది?

హార్బరీ చర్చి మాత్రం అనుమానమే అక్కర్లేదు, సొంత డబ్బుతో కట్టించాడు, సమాధీ అక్కడే. ఆ జంటని ఓ ఆదివారం తీసుకెళ్లా. నేను స్తంభాలు చూపిస్తుంటే అతనేమో తలెత్తి సీలింగ్ వైపే చూస్తూ "దూలాలు కనబడవేంటన్నా" అంటున్నాడు.